గుట్ట మీది బండ ఒకప్పుడు ఎన్ని కిలోమీటర్ల లోతులో ఉండేది? అది ఎలా తెలుస్తుంది?

గోల్కొండ_నడక · ఆదివారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. నేను చదివింది కంప్యూటర్లు. రాళ్ల గురించి పెద్దగా తెలీదు. కానీ మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలకో, మౌలాలి వైపో నడకకి వెళ్తున్నాను.

ఈ రోజు ఒక బండ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతుంటే, చెయ్యి ఆనించిన చోట గులాబీ రంగు పలక ఒకటి కనబడింది. బొటనవేలి గోరంత ఉంది. అంచులు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. తల కొంచెం పక్కకి వంచి చూస్తే ఎండకి అద్దంలా ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. దాని చుట్టూ బూడిద రంగు గాజుపెంకుల్లాంటివి, మధ్యమధ్య మిరియపు గింజంత నల్ల చుక్కలు. మూడేళ్లుగా ఈ బండల మీదే కూర్చుంటున్నా, ఒక్కసారి కూడా ఇంత దగ్గరగా చూడలేదు.

ఇంటికొచ్చి చదివాను. ఈ బండలు గ్రానైట్ అట, అది భూమి లోపల కిలోమీటర్ల లోతులో శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడితే తయారవుతుందట. మరి దాని మీదున్న ఆ కిలోమీటర్ల రాయి ఏమైంది? ఎప్పుడు పోయింది? ఇది పైకి వచ్చిందా, పైనున్నది పోయి బయటపడిందా? అసలు "ఇంత లోతు" అని ఎలా చెప్పగలుగుతున్నారు? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

క్వారీసీను · ఆదివారం రాత్రి 8:15

నేను కరీంనగర్ దిక్కు క్వారీలో 18 ఏళ్లుగా ఉన్నా. టాన్ బ్రౌన్ అనే గ్రానైట్ తీస్తాం. సైన్సు సంగతి మాస్టార్లు చెబుతారు, నేను చూసింది ఒకటి చెబుతా.

రాయి మీద బరువు ఉండేదని రాయికి ఇంకా గుర్తుంది అన్నా. వైర్ సా (రాయి కోసే తీగ రంపం) పెట్టి రాత్రంతా నిలువు కోత కోస్తాం. వేలు వెడల్పు సందు పడుతుంది. కొన్ని చోట్ల పొద్దున వచ్చి చూస్తే ఆ సందు మూసుకుపోయి ఉంటది. వైరు లోపలే పట్టేసి ఉంటది, గుంజినా రాదు. ఒకసారి మా సైటులో అట్ల పట్టేసిన వైరుని బలవంతంగా లాగితే తెగి కొరడాలెక్క ఎగిరింది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు. పెద్ద బ్లాకు అడుగు నుంచి విడిపించేటప్పుడు టప్ టప్ మని చప్పుడు వస్తది, తుపాకీ పేలినట్టు. పాత మేస్త్రీలు "రాయి ఊపిరి విడుస్తోంది, దూరం జరగండి" అనేవాళ్లు.

ఎవరూ కొట్టకుండానే రాయి అట్ల ఎందుకు పగులుతుంది అని నాకు ఎప్పటినుంచో ఉంది.

రాళ్లమాస్టారు · ఆదివారం రాత్రి 9:50

సీను గారు చెప్పింది బంగారం లాంటి మాట. ముప్పై ఏళ్లు జియాలజీ పాఠాలు చెప్పాను. క్లాసులో బోర్డు మీద నేను గీసిన దానికంటే ఆ మూసుకుపోయిన సందే బాగా చెబుతుంది.

గ్రానైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 2.7 గ్రాములు. ఆ లెక్కన ప్రతి 3.7 కిలోమీటర్ల లోతుకి ఒక కిలోబార్ పీడనం, అంటే మన గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు. 15 కిలోమీటర్ల లోతులో గట్టిపడిన రాయి నాలుగు కిలోబార్ల బరువు మోస్తూ పుట్టింది. బిడ్డ కడుపులో ముడుచుకున్నట్టు అక్కడ ముడుచుకుని ఉంది. పైబరువు పోయేకొద్దీ అన్ని వైపులకీ ఒకేలా సాగలేదు. పక్కల నుంచి రాయే నొక్కుతుంది కాబట్టి పైకి మాత్రమే సాగుతుంది. అందుకే నేలకి సమాంతరంగా ఉల్లిపొరల్లా పగుళ్లు పడతాయి. మౌలాలి గుట్ట గుండ్రటి వీపు చూడండి, పెద్ద పెద్ద పొరలు లేచిపోయిన గుర్తులు కనబడతాయి. క్వారీలో కోసినప్పుడు జరిగేదీ అదే. అణిగి ఉన్న ఒత్తిడికి ఒక వైపు దారి దొరుకుతుంది, అంతే. ఈ ఒత్తిడిలో కొంత పాత బరువు నుంచి మిగిలినది, కొంత ఇప్పటికీ మన భారత భూఫలకం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలని నెట్టడం వల్ల వచ్చేది.

ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు మాత్రం వేరే కథ. అడ్డంగా నిలువుగా పడ్డ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలు కుళ్లి మొరం అవుతాయి. మొరం కొట్టుకుపోతే మధ్యలో గట్టి గుండు మిగులుతుంది. ఆ గుండ్లు ఎవరూ పేర్చినవి కావు, ఎక్కడ పుట్టినవి అక్కడే నిలబడ్డాయి.

ఎర్రమట్టి · ఆదివారం రాత్రి 11:05

ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. గోల్కొండ_నడక గారు చూసిన గోరంత పలక ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. పలుకు (స్ఫటికం) పెద్దది కాబట్టి చాలా లోతు అనుకోకూడదు. నెల్లూరు దిక్కు గూడూరు దగ్గర అభ్రకం గనులు చూసినవాళ్లని అడగండి. అక్కడ అభ్రకం పలకలు భోజనం కంచమంత వచ్చేవి. అవి పెరిగింది పెగ్మటైట్ అనే పెద్ద పలుకుల రాయి సన్నటి సిరల్లో. పక్కనున్న గ్రానైట్ కంటే లోతుగా పుట్టినందుకు కాదు అంత పెరిగింది. ఆ ద్రవంలో నీరు, ఫ్లోరిన్ లాంటివి ఎక్కువ ఉండటం వల్ల పరమాణువులు తేలిగ్గా కదిలి, కొద్ది గింజలే మొలిచి, అవే బాగా పెరిగాయి.

కంటికి కనబడేంత పలుకులుంటే లావాలా బయటపడి చల్లారలేదు అని చెప్పొచ్చు. మూడు కిలోమీటర్ల లోతా, ఇరవయ్యా అన్నది పలుకు సైజు చెప్పదు. దానికి వేరే సాక్ష్యం కావాలి.

లోతుకొలత · సోమవారం పొద్దున 7:30

ఎర్రమట్టి గారి మాటతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. విజయవాడ అమ్మాయిని, ఇప్పుడు అమెరికాలో ఒక ల్యాబులో ఈ పనే చేస్తున్నాను. కాబట్టి ఆ "వేరే సాక్ష్యం" సంగతి చెబుతాను.

నల్ల చుక్కల్లో రెండు రకాలుంటాయి. గోరుతో గీకితే రేకులుగా లేచేది నల్ల అభ్రకం, బయోటైట్. రేకులుగా లేవకుండా, పుల్లలా నిడివిగా, కొంచెం ఆకుపచ్చ నలుపులో ఉండేది హార్న్‌బ్లెండ్. నాకు కావలసింది ఈ రెండోది. శిలాద్రవం గట్టిపడే చివరి దశలో, పీడనం ఎంత ఎక్కువుంటే హార్న్‌బ్లెండ్ తన ఇంట్లోకి అల్యూమినియంని అంత ఎక్కువ రానిస్తుంది. 1986లో హామర్‌స్ట్రమ్, జెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంబంధాన్ని లెక్క కట్టారు. 1992లో ష్మిట్ ప్రయోగాలు చేసి సరిదిద్దిన సూత్రం ఇప్పటికీ వాడతాం. ఒక హార్న్‌బ్లెండ్ ఫార్ములాలో మొత్తం అల్యూమినియం పరమాణువుల సంఖ్యని 4.76తో గుణించి 3.01 తీసేస్తే పీడనం కిలోబార్లలో వస్తుంది.

ఉదాహరణకి అల్యూమినియం 1.4 అనుకోండి. లెక్క 3.65 కిలోబార్లు, అంటే దాదాపు పదమూడున్నర కిలోమీటర్లు. పొరపాటుకి 0.6 కిలోబార్ అటూ ఇటూ వదలాలి. అంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు తేడా ఉండొచ్చు.

కొలిచే పద్ధతి: రాయిని 0.03 మిల్లీమీటరు మందం వచ్చేదాకా అరగదీస్తాం. అంత పల్చనైతే రాయి కూడా కిటికీ అద్దంలా వెలుతురుని వదులుతుంది. దాని మీద ఎలక్ట్రాన్ కిరణం పంపి, ఒక్క హార్న్‌బ్లెండ్ పుల్ల అంచు మీద వరసగా చుక్కలు కొలుస్తాం. నడిమి భాగం వద్దు, అంచే కావాలి, ఎందుకంటే చివర్లో గట్టిపడింది అంచు. మొదటిసారి ఆ అంకెలు తెర మీద పడుతున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వెంట్రుక మందమంత అంచు, లోపలి లోతు చెబుతోంది!

షరతులు ఉన్నాయి. రాయిలో పలుగు (క్వార్ట్జ్), రెండు రకాల ఫెల్డ్‌స్పార్, బయోటైట్, టైటనైట్, ఇనుప ఆక్సైడ్ అన్నీ కలిసి ఉండాలి. వేడి ఎక్కువైనా అల్యూమినియం పెరుగుతుంది, దాన్ని విడిగా సరిచేయాలి. హైదరాబాద్ గ్రానైట్‌లో చాలా చోట్ల నల్లది బయోటైటే, కాబట్టి దొరికిన ప్రతి బండకీ ఈ కొలబద్ద పనికిరాదు.

గోల్కొండ_నడక · సోమవారం మధ్యాహ్నం 1:20

ఆఫీసులో లంచ్ టైమ్‌లో రెండుసార్లు చదివాను అక్కా. ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్.

ఒక మాట తెగడం లేదు. పదమూడు కిలోమీటర్ల లోతు నుంచి పైకి రావాలంటే మన దగ్గర ఎవరెస్టు కంటే ఎత్తైన కొండలు ఉండి అరిగిపోయి ఉండాలి కదా?

రాళ్లమాస్టారు · సోమవారం సాయంత్రం 5:45

అక్కర్లేదు నాయనా. చాలామంది పొరబడేది ఇక్కడే.

కృష్ణలో ఇసుక పడవ చూశారా? నిండా ఇసుక ఉన్నప్పుడు అంచు దాదాపు నీళ్లకి తాకుతూ ఉంటుంది. ఒడ్డున ఒక్కో గంప దించుతుంటే పడవ పైకి లేస్తుంది. ఎవరూ ఎత్తడం లేదు, బరువు తగ్గింది, లేచింది. భూపటలం కూడా కింద ఉన్న మాంటిల్ అనే బరువైన రాతి పొర మీద అలాగే తేలుతోంది. పటలం సాంద్రత 2.7, మాంటిల్ 3.3. పైన ఒక కిలోమీటరు రాయి అరిగి నదుల్లో కొట్టుకుపోతే, కింద నుంచి నేల 800 మీటర్ల పైచిలుకు లేస్తుంది. అంటే ఎత్తు తగ్గేది రెండు వందల మీటర్ల లోపే! నేల ఎత్తు నికరంగా ఒక్క కిలోమీటరు తగ్గాలంటే ఐదు కిలోమీటర్లకి పైగా రాయి పోవాలి.

అందుకని రెండు మాటలు విడివిడిగా పట్టుకోవాలి. నేల ఉపరితలం లేవడం ఒకటి. రాయి ఉపరితలానికి దగ్గర కావడం ఇంకొకటి. గ్రానైట్‌లోని హార్న్‌బ్లెండ్ రెండోదాన్నే చెబుతుంది, అంటే తన మీద ఎంత మందం పోయిందో. ఆ రోజుల్లో కొండ ఎంత ఎత్తుందో అది చెప్పదు. 1990లో ఇంగ్లండ్, మోల్నార్ అనే ఇద్దరు ఈ తేడాని గట్టిగా రాసేదాకా పేరున్న శాస్త్రవేత్తలు కూడా రెంటినీ కలిపేసి రాసేవాళ్లు.

సీమబిడ్డ · సోమవారం రాత్రి 10:10

అందరూ ఎంత లోతు అని మాట్లాడుతున్నారు. ఎప్పుడు పైకొచ్చింది అని ఎవరూ అడగడం లేదే! ఆ జవాబు మా సీమలో ఉంది.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవా కోసం అందరూ ఆగుతారు. నేనూ చిన్నప్పటి నుంచి ఆగిన వాణ్నే. ఆ పేరునే తెల్లవాళ్లు 'గుల్చేరు' అని రాసుకుని, ఒక రాతి పొరకి పెట్టారు. గుల్చేరు క్వార్ట్జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) అని ప్రపంచమంతా చదువుకునేది మా గువ్వలచెరువు పేరే. రాయచోటి వైపు నేల గ్రానైట్. ఘాట్ ఎత్తున ఉన్నది ఈ క్వార్ట్జైట్. దాని అడుగు పొరలో కోడిగుడ్డంత, చింతగింజంత గులకరాళ్లు ఇరుక్కుని ఉంటాయి, తెల్ల పలుగు, అక్కడక్కడ ఎర్రటి జాస్పర్. చేత్తో తడిమితే పెన్నా ఒడ్డున తడిమినట్టే నున్నగా ఉంటాయి.

గులకరాయి నున్నబడాలంటే నీళ్లలో దొర్లాలి. నీళ్లు పారాలంటే ఆకాశం కింద నేల ఉండాలి. ఆ నేల ఏది? కింద ఉన్న గ్రానైట్టే! కిలోమీటర్ల లోతులో పుట్టిన రాయి, ఆ గులకరాళ్లు దాని మీద పరుచుకునేనాటికే ఎండా వానా చూస్తోందన్నమాట.

తిరుమలలో కూడా ఇదే. తిరుపతి ఊర్లో నిలబడి కొండ చూడండి. కింది వాలు గ్రానైట్, పైన గోడ కట్టినట్టు నిలువుగా ఉండే ఎర్రటి కొమ్ము క్వార్ట్జైట్. రెంటి మధ్య గీతని భారత భూగర్భ సర్వే జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. లక్షల మంది దాని పక్కనుంచే కొండెక్కుతారు.

ఎర్రమట్టి · మంగళవారం పొద్దున 6:55

సీమబిడ్డ అసలు సంగతి పట్టుకున్నాడు. దానికి అంకెలు కడతాను.

మన తెలంగాణ, రాయలసీమ కింద ఉన్న తూర్పు ధార్వాడ్ గ్రానైట్లలో ఎక్కువ భాగం వయసు 250 కోట్ల ఏళ్లు, కొంచెం అటూ ఇటూ. కడప పొరల్లో గుల్చేరు అన్నిటికంటే అడుగున ఉంటుంది. దానికి చాలా పైన తాడిపత్రి పొర ఉంది. ఆ పొరల మధ్యలోకి చొరబడి పలకలా గట్టిపడిన శిలాద్రవం, పులివెందుల సిల్, వయసు సుమారు 189 కోట్ల ఏళ్లని కొలిచారు. గోడ కట్టాకే కదా మేకు దిగేది! కాబట్టి తాడిపత్రి పొర అంతకంటే పాతది, గుల్చేరు ఇంకా పాతది. అంటే 250 కోట్ల దగ్గర లోతులో గట్టిపడిన గ్రానైట్, 189 కోట్ల కంటే ముందే బయట పడి ఉంది.

చాలామంది సులువుగా చేసే లెక్క ఏమిటంటే, 15 కిలోమీటర్లని 250 కోట్ల ఏళ్లతో భాగించి "పది లక్షల ఏళ్లకి ఆరు మీటర్లు" అనడం. కడప అంచు గ్రానైట్‌కి ఆ లెక్క పూర్తిగా తప్పు. రావలసిన దూరమంతా మొదటి 60 కోట్ల ఏళ్లలోనే వచ్చేసింది. ఆ తర్వాత మళ్లీ కిందకి పోయింది! దాని మీద కడప సముద్రం వేసిన ఇసుక, బురద, సున్నపురాయి కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. ఇప్పుడు మనం రాయచోటి దగ్గర చూస్తున్నది రెండోసారి బయటపడ్డ గ్రానైట్.

హార్న్‌బ్లెండ్ మొదటి లోతు ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి మునిగిన సంగతి దానికి తెలీదు. ఎందుకంటే రెండోసారి కరిగేంత వేడి తగల్లేదు.

లోతుకొలత · మంగళవారం పొద్దున 8:40

అద్భుతంగా చెప్పారు. "గోడ కట్టాకే మేకు" అన్న మాట నా క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

పైకి రావడం అన్ని చోట్లా ఒకేలా జరగలేదని చూపించే చోటు ఒకటి మన పక్కనే ఉంది. బెంగళూరు–మైసూరు దారిలో రామనగర. దాని పాత పేరు క్లోజ్‌పేట, బ్యారీ క్లోజ్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి పేరు మీద పెట్టింది. క్లోజ్‌పేట గ్రానైట్ అనేది అక్కడ మొదలైన పేరు. ఇది దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు సాగుతుంది. వెడల్పు మాత్రం ఇరవై ముప్పై కిలోమీటర్లే. రామనగర, పావగడ మీదుగా బళ్లారి దిక్కుకి పోతుంది. వయసు సుమారు 252 కోట్ల ఏళ్లు.

దీని గొప్పతనం ఏమిటంటే, మొత్తం పటలం ఒక వైపుకి ఒరిగి, తర్వాత పైన చదునుగా చెక్కేసినట్టు ఉంది. దక్షిణం అంచు ఎక్కువ లేచింది, ఉత్తరం తక్కువ లేచింది. కాబట్టి దక్షిణాన మనం నడిచే నేల ఒకప్పటి 25 కిలోమీటర్ల లోతు. ఉత్తరానికి పోయేకొద్దీ లోతు తగ్గుతూ పది, ఇంకా తక్కువకి వస్తుంది. బావిలోకి దిగనక్కర్లేదు, బస్సెక్కి ఉత్తరానికి పోతే చాలు, పటలం అడుగు నుంచి మీదికి ఎక్కుతున్నట్టే. దక్షిణ కొసన కబ్బాలదుర్గ దగ్గర బూడిద రంగు నైస్ అనే చారల రాయి మీద నూనె మరకల్లా ముదురు ఆకుపచ్చ మచ్చలు కనబడతాయి. మామూలు నైస్ చార్నొకైట్ అనే లోతు రాయిగా మారుతూ మారుతూ సగంలో ఆగిపోయిన చోటు అది. 1960లో పిచ్చముత్తు గారు దీన్ని గుర్తించి ప్రపంచానికి చూపించారు. అక్కడ గ్రానైట్‌కీ చుట్టూ ఉన్న రాయికీ మధ్య హద్దు కూడా సరిగ్గా తెలీదు, పాలూ డికాక్షనూ సగం కలిసినట్టు ఉంటుంది. వేడి అంత ఎక్కువ కాబట్టి. ఉత్తరాన హద్దులు కత్తితో కోసినట్టు తెగి ఉంటాయి.

బెంగళూరు చుట్టుపక్కల ఈ రాళ్లని కోసుకుంటూ పోయే నల్లరాయి డైకుల్ని (పగుళ్లలోకి శిలాద్రవం దూరి గట్టిపడిన గోడల్ని) కూడా చూడండి. వాటిలో పెద్ద గుంపు వయసు 237 కోట్ల ఏళ్లు. డైకు మధ్యలో పలుకులు కనబడతాయి, అంచున మాత్రం పలుకు లేకుండా నల్లటి పిండిలా ఉంటుంది. వేడి శిలాద్రవం చల్లటి రాతి గోడకి తగిలి గబుక్కున గడ్డకట్టింది. అంటే 237 కోట్ల నాటికే చుట్టూ ఉన్న రాయి బాగా చల్లబడి ఉంది.

క్వారీసీను · మంగళవారం రాత్రి 9:20

అక్కా, మేం చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని కూడా గ్రానైట్ అనే అమ్ముతాం. దానికీ ఇదే లెక్కా?

రాళ్లమాస్టారు · మంగళవారం రాత్రి 9:45

వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయంతా గ్రానైటే. చీమకుర్తి రాయి నిజానికి గాబ్రో జాతిది. అందులో పలుగు దాదాపు ఉండదు. ఆ బంగారు చుక్కలు పైరాక్సీన్ అనే ఖనిజం లోపలి సన్న పొరల మీద వెలుగు పడి మెరిసేవి. అదీ లోతులో నెమ్మదిగా చల్లారిందే. కానీ లోతుకొలత అమ్మాయి చెప్పిన సూత్రం దానికి వర్తించదు.

తాండూరు_పిల్లోడు · బుధవారం మధ్యాహ్నం 12:30

రెండు రోజులుగా చదువుతున్నా. మా ఊరి మాట ఎవరూ ఎత్తడం లేదని రాస్తున్నా.

హైదరాబాద్ ఇళ్లలో నేల మీద పరిచే తాండూరు బండ, షాబాద్ బండ ఉన్నాయి కదా, అవి సున్నపురాయి. సముద్రం అడుగున బురదలా పేరుకున్నవి. మా నాన్న గనిలో ఆ బండల్ని పలక పలకగా లేపేవాడు. గునపం మొన పెట్టి చిన్నగా ఎత్తితే ఒక పొర మీది పొర చాపలా లేచివస్తది. ఆ బండల కింద పలచగా ఇసుకరాయి, దాని కింద మళ్లీ గ్రానైట్. అంటే ఒకప్పుడు ఇటు దిక్కు కూడా గ్రానైట్ బయటపడి, దాని మీదికి సముద్రం వచ్చింది.

ఇంకొంచెం ఇటు రండి. వికారాబాద్ అనంతగిరి గుట్టలు ఎక్కితే నల్లటి లావా రాయి, పైన ఎర్ర లాటరైట్. దక్కన్ లావా పారింది 6.6 కోట్ల ఏళ్ల కింద. వికారాబాద్ దిక్కు చాలా చోట్ల ఆ లావా కింద సున్నపురాయి కూడా లేదు, నేరుగా గ్రానైట్ మీదే కూర్చుంది. అంటే లావా వచ్చే రోజుకి గ్రానైట్ బయటే ఉంది. మౌలాలి గుట్ట అనంతగిరికి డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరం. ఆ గుట్టా అప్పటికే ఎండ చూసి ఉంటుందని నా నమ్మకం. మాస్టారు చెప్పాలి.

రాళ్లమాస్టారు · బుధవారం సాయంత్రం 6:05

బాబూ, నీ పోస్టు చదివి నాకు కళ్లు చెమర్చాయి. గునపంతో పొర లేపిన మనిషి కొడుకు ఆ పొర కింద ఏముందో ఇంత స్పష్టంగా చెప్పడం చాలా సంతోషం.

నీ నమ్మకం సహేతుకమే. లావా అంచు దగ్గర గ్రానైట్ ఆనాటి నేల అనడానికి సందేహం లేదు. హైదరాబాద్ నగరం మీద ఆ లావా పరుచుకుందా లేదా అన్నది వేరే ప్రశ్న. అంచు నుంచి దూరం పోయేకొద్దీ సాక్ష్యం పలచబడుతుంది, అంత దూరం నేను వెళ్లను.

గోల్కొండ_నడక గారూ, మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. ఎంత లోతులో పుట్టిందో గ్రానైట్ లోపలి ఖనిజం చెబుతుంది. ఎప్పుడు బయటపడిందో మాత్రం గ్రానైట్ తనంతట తాను చెప్పదు. దాని మీద కూర్చున్న వాళ్లని అడగాలి. గువ్వలచెరువు గులకరాయిని, తాండూరు బండని, అనంతగిరి లావాని. ఈ వరస తెలీకుండా లోతు ఒక్కటే చెప్పడం, ఊరు పేరు చెప్పి బయల్దేరిన రోజు చెప్పకపోవడం లాంటిది.

లోతుకొలత · గురువారం పొద్దున 7:15

మాస్టారూ, ఒక్క చిన్న అభ్యంతరం, కోప్పడకండి. గ్రానైట్ తనంతట తాను కొంత చెబుతుంది, చివరి అంకం మటుకు.

గ్రానైట్‌లో అపటైట్ అని సూది మొనంత ఖనిజం ఉంటుంది. అందులో కొంచెం యురేనియం ఉంటుంది. యురేనియం పరమాణువు ఒకటి తనంతట తాను చీలినప్పుడు రెండు ముక్కలు ఎదురెదురు దిక్కులకి దూసుకుపోయి స్ఫటికంలో ఒక గాయం గీత చేస్తాయి. పొడవు దాదాపు 16 మైక్రాన్లు. నైట్రిక్ ఆమ్లంలో కొన్ని సెకన్లు ముంచితే ఆ గీతలు మైక్రోస్కోపులో కనబడతాయి. రాయి 120 డిగ్రీల పైన ఉన్నంతకాలం గాయాలు మానిపోతూనే ఉంటాయి. 60 డిగ్రీల కంటే చల్లబడ్డాక పడినవి దాదాపు అలాగే నిలిచిపోతాయి. మధ్యలో పడ్డవి కురచబడతాయి. కాబట్టి గీతలు ఎన్ని ఉన్నాయో, ఎంత పొడవున్నాయో కొలిస్తే, చివరి మూడు నాలుగు కిలోమీటర్లు ఎప్పుడు, ఎంత వేగంగా దాటిందో చెప్పొచ్చు. అదే రాయిలోని జిర్కాన్ అనే ఇంకో ఖనిజం రాయి పుట్టిన తేదీ చెబుతుంది. జిర్కాన్‌ది జాతకం, అపటైట్‌ది గడప దాటిన రోజు.

ఎర్రమట్టి గారు చెప్పిన "రెండోసారి మునగడం" కూడా ఇందులో దొరుకుతుంది. పైన పొరలు పేరుకుని రాయి మళ్లీ 120 డిగ్రీలు దాటితే పాత గీతలన్నీ చెరిగిపోతాయి, గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. అందాకా రాకపోతే కురచ గీతలు మిగులుతాయి. పొద్దున్నే కాఫీ పెట్టుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్కో గీతా కొలుస్తుంటే రోజు ఎలా గడుస్తుందో తెలీదు.

రాళ్లమాస్టారు · గురువారం పొద్దున 9:00

కోపమెందుకమ్మా! నేను చదువుకున్న రోజుల్లో మా కాలేజీలో ఇది లేదు. నా మాట సవరించుకుంటున్నాను. చివరి అంకం అపటైట్‌ది, మధ్య అంకం గువ్వలచెరువుది.

గోల్కొండ_నడక · రెండు వారాల తర్వాత, సోమవారం రాత్రి 10:30

అందరికీ మళ్లీ నమస్కారం. మొక్కు ఉండి ఇంట్లోవాళ్లతో తిరుమల వెళ్లొచ్చాను. సీమబిడ్డ గారు చెప్పినట్టు తిరుపతిలో దిగగానే ముందు కొండ వైపు చూశాను. ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు వెళ్లుంటానో, కింది వాలు వేరు, పై గోడ వేరు అని ఎప్పుడూ కనబడలేదు. ఈసారి అది తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఘాట్ రోడ్డులో మధ్యలో బండి ఆపడం మంచిది కాదు కాబట్టి కిటికీ పక్క సీటు పట్టుకున్నాను. మా అమ్మాయి పదో తరగతి. "కింద గుండ్లు గుండ్లుగా ఉన్న రాయి ఆగిపోయి, పలకలు పలకలుగా ఉన్న రాయి మొదలైనప్పుడు చెప్పు" అని తనకి పని అప్పజెప్పాను. ఒక మలుపులో "నాన్నా, ఇక్కడ!" అని గట్టిగా అరిచింది. బస్సులో నలుగురు తిరిగి చూశారు. చూపు ఆనింది రెండు సెకన్లే. కింద పగుళ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి, పైన పొరలు పుస్తకంలో కాగితాల్లా వరసగా ఉన్నాయి. ఆ రెంటి మధ్య కోట్ల ఏళ్లు లేవు అని చెబితే, "ఆ కోట్ల ఏళ్లు ఎక్కడికి పోయాయి?" అంది. కొట్టుకుపోయిన రాయితో పాటు పోయాయి అన్నాను. సరిగ్గానే చెప్పానా మాస్టారూ?

రాళ్లమాస్టారు · సోమవారం రాత్రి 11:10

సరిగ్గా చెప్పారు. ఆ పోయిన రాయి ఇసుకై ఎక్కడో ఒక చోట పేరుకునే ఉంటుంది. దాన్ని వెతకడం ఇంకో పెద్ద పని.

తాండూరు_పిల్లోడు · మంగళవారం పొద్దున 6:20

అన్నా, వచ్చే ఆదివారం మీ అమ్మాయిని తీసుకుని మా వైపు రండి. పొద్దున ఎనిమిదికి వికారాబాద్ స్టేషన్‌లో కలుస్తా. ముందు అనంతగిరి లావా చూసి, మధ్యాహ్నానికి తాండూరు గనికి పోదాం. నాన్న కూడా వస్తానన్నాడు. పొర ఎలా లేపాలో తనే చూపిస్తాడు. టోపీ, నీళ్ల సీసా మర్చిపోకండి, గనిలో నీడ ఉండదు.

క్వారీసీను · మంగళవారం పొద్దున 7:05

నేనూ వస్తా. కరీంనగర్ నుంచి శనివారం రాత్రి బస్సెక్కుతా. లోతుకొలత అక్కా, హార్న్‌బ్లెండ్ ఉన్న రాయి ముక్క ఏదన్నా దొరికితే మీకు పంపాలంటే ఎంత సైజు కావాలి?

లోతుకొలత · మంగళవారం పొద్దున 8:00

పిడికిలంత చాలు సీనూ. వాతావరణం తగలని తాజా ముఖం ఉండాలి. దొరికిన చోటు, అది పైకి ఏ వైపు ఉందో మార్కర్‌తో ముక్క మీదే రాయండి. స్మారకం అని బోర్డు ఉన్న చోట మాత్రం సుత్తి తియ్యకండి, ఫోటో చాలు.